ఊపిరితిత్తిలో బూజు: ముక్క పరీక్ష ఎందుకు?

దగ్గు తగ్గలేదు, ఎక్స్‌రేలో మచ్చ ఉంది, కళ్ళె పరీక్షలో క్షయ క్రిములు లేవు. అప్పుడు డాక్టరుగారు ఊపిరితిత్తి నుండి చిన్న ముక్క తీయాలంటారు. ఆ మాట వినగానే ఇంటివారు క్యాన్సరేనని కుమిలిపోతారు. క్యాన్సరు కోసం చూడడం నిజమే గాని, అక్కడ ఫంగస్, అంటే బూజు, చేరిందేమో చూడడం కూడా అంతే ముఖ్యం.

బూజు విత్తనాలను మనమందరం రోజూ గాలితో పీలుస్తూనే ఉంటాము. ఆరోగ్యవంతులకు ఏమీ కాదు. షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు చాలాకాలం వాడినవారికి, రక్త క్యాన్సరుకు చికిత్స పొందేవారికి అది ప్రమాదం. క్షయ తగ్గాక ఊపిరితిత్తిలో మిగిలిన గుంటలో కూడా బూజు ఉండగా పెరిగి, దగ్గితే రక్తం పడవచ్చు.

ల్యాబులో ఆ ముక్కను మైనంలో బిగించి, వెంట్రుక కంటే ఎంతో పలుచగా కోసి రంగు వేస్తారు. మామూలు రంగులో బూజు ఒక్కోసారి సరిగా తెలియదు. వెండితో చేసే ప్రత్యేకమైన రంగు వేస్తే పచ్చని నేల మీద నల్లని దారాల్లా కనిపిస్తుంది. ఆస్పర్జిల్లస్ దారం సన్నగా, చెరుకు గడకు కణుపులున్నట్టు అడ్డగోడలతో ఉండి, పంగలకర్రలా చీలుతుంది. మ్యూకర్ దారం వెడల్పుగా, నలిగిన రిబ్బనులా ఉంటుంది. అడ్డగోడలు అరుదు, కొమ్మలు దాదాపు నిలువుకు అడ్డంగా వస్తాయి. 2021లో కోవిడ్ తర్వాత మనల్ని వణికించిన "బ్లాక్ ఫంగస్" ఇదే. నిజానికి నలుపు బూజుది కాదు; అది రక్తనాళాలను మూసివేయగా చచ్చిపోయిన కండది.

ఈ తేడా ఎందుకంటే, ఆస్పర్జిల్లస్‌కు బాగా పనిచేసే వోరికొనజోల్ మ్యూకర్‌ను ఏమీ చేయలేదు. దానికి ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు కావాలి, తరచుగా ఆపరేషను కూడా.

అయితే చిన్న ముక్కలో రెండూ ఒకేలా కనిపించి నిపుణులనే తికమక పెట్టవచ్చు. అందుకే కల్చరు కూడా చేస్తారు. మీ చేతికి రెండు సీసాలు ఇచ్చేది ఇందుకే. ఒకదానిలో ఫార్మలిన్, రెండవదానిలో సెలైన్ ఉంటాయి. ఫార్మలిన్‌లో బూజు చచ్చిపోతుంది, ఇక కల్చరులో పెరగదు. కాబట్టి దారిలో ఒకదానిలోది మరొకదానిలో పోయకండి. సెలైన్ సీసాను ఆలస్యం చేయకుండా అందజేయండి. కల్చరు రిపోర్టుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా డాక్టరుగారు మందు మొదలుపెడితే "రిపోర్టు రాకుండానే ఎందుకు?" అని ఆపకండి.

"బూజు కనిపించలేదు" అని వచ్చినా, జ్వరం తగ్గకపోతే మళ్ళీ చూపించుకోండి. తీసిన ముక్క బూజు లేని చోటిది కావచ్చు.