కాలమెరిగిన పిట్ట

పశ్చిమాఫ్రికాలోని మౌరిటానియా తీరంలో చలికాలం గడిపే రెడ్‌నాట్ అనే చిన్న పక్షి, గుడ్లు పెట్టేందుకు వేల మైళ్లు ఎగిరి సైబీరియా ఉత్తరాన ఉన్న తైమిర్‌కు వెళ్తుంది. అంత దూరం ఎందుకు? జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు. మంచు కరగగానే పురుగులు విస్తారంగా పుడతాయి. సొంతంగా మేత వెదుక్కునే పిల్లలకు అది దేవుడు సిద్ధపరచిన విందు!

అయితే మంచు ఇప్పుడు ముందే కరుగుతోంది. పిల్లలు పుట్టేసరికి విందు ముగుస్తోంది. మేత చాలక ముక్కు పొట్టిగా ఎదిగిన పిల్లలకు ఆఫ్రికా తీరంలో లోతునున్న గుల్లలు అందడం లేదని, చాలా పిల్లలు బతకడం లేదని 2016లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

పక్షులకు తమ కాలం తెలుసు గానీ ప్రజలకు యెహోవా న్యాయవిధి తెలియలేదని యిర్మీయా ప్రవక్త వాపోయాడు (8:7). ఈ పిట్ట తన కాలం తప్పలేదు. భూమిని వేడెక్కించి కాలాన్నే తప్పించింది మనం. ప్రియులారా, సృష్టిని మనకప్పగించిన దేవునికి ఏమని లెక్క చెబుదాం?