పెన్‌డ్రైవ్‌లో చోటుంది.. పెళ్లి వీడియో ఎందుకు ఎక్కదు?

32 జీబీ పెన్‌డ్రైవ్. అందులో 20 జీబీ ఖాళీ. 6 జీబీ పెళ్లి వీడియో వేయబోతే మాత్రం 'ఫైల్ టూ లార్జ్' అంటుంది! డీవీడీల కాలం పోయాక తిరువూరు లాంటి ఊళ్లలో పెళ్లి వీడియో చేతికొచ్చేది ఎక్కువగా పెన్‌డ్రైవ్‌లోనే. అది పాడైందనుకుని ఇంకోటి కొంటారు. ఒక్కోసారి అదీ ఎక్కించుకోదు. తప్పు డ్రైవ్‌ది కాదు, లోపలున్న లెక్కల పుస్తకానిది. దాని పేరే ఫైల్ సిస్టమ్.

గోడౌన్ ఖాళీ.. గడి చిన్నది

మిర్చి గోడౌన్‌లో బోలెడంత చోటుంది. కానీ రిజిస్టర్‌లో బస్తాల గడి నాలుగంకెలకే సరిపోతుంది. పదివేలవ బస్తా ఎక్కడ రాస్తారు? ఫ్యాట్32దీ ఇదే సమస్య. 1996లో విండోస్ 95తో వచ్చిన ఈ పద్ధతిలో ఒక్కో ఫైల్ సైజు రాయడానికి 32 బిట్లే ఉంటాయి. అందులో పట్టే పెద్ద సంఖ్య 4,29,49,67,295 బైట్లు, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే 4కె కెమెరా ఆరు నిమిషాల్లోపే దీన్ని దాటేస్తుంది.

పాత 32 బిట్ యునిక్స్‌లకైతే హద్దు 2 జీబీయే. ఒక బిట్టు ప్లస్సా, మైనస్సా చెప్పడానికే పోయేది. 1996లో కంప్యూటర్ కంపెనీలు 'లార్జ్ ఫైల్ సమ్మిట్' పేరుతో కూర్చుని పెద్ద ఫైళ్లకు ఉమ్మడి పద్ధతి రాసుకున్నాయి. ఇప్పుడు లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4లో ఒక్క ఫైలే 16 టీబీ దాకా ఉండొచ్చు.

ముందే ఇలా చూసుకోండి

* విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ఫ్యాట్32 అని ఉంటే 4 జీబీయే హద్దు.
* లినక్స్‌లో 'డీఎఫ్' కమాండ్‌కు 'హైఫన్, పెద్ద టీ' కలిపి కొట్టండి. 'వీఫ్యాట్' అని వస్తే అనుమానించాల్సిందే.
* 'గెట్‌కాన్ఫ్' కమాండ్‌తో ఫైల్‌సైజ్‌బిట్స్ అడగండి. 64 వస్తే దిగులు లేదు. 32 వచ్చినంత మాత్రాన తేల్చేయకండి. పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్‌కూ 32 అనే చూపించొచ్చు.
* అసలు పరీక్ష 'ట్రంకేట్' కమాండ్. దాంతో డ్రైవ్‌లో 5 జీబీ ఉత్తుత్తి ఫైల్ సృష్టించండి. కుదిరితే డ్రైవ్ పనికొస్తుంది. ఆ ఫైల్ తీసేయడం మరవొద్దు. కుదరకపోతే 'యులిమిట్ హైఫన్ ఎఫ్' కూడా చూడండి. అక్కడ 'అన్‌లిమిటెడ్' లేకపోతే అడ్డుపడింది మీ యూజర్ ఖాతాకు పెట్టిన పరిమితి కావచ్చు.

ఎక్స్‌ఫ్యాట్‌కి మారితే సరి

డ్రైవ్‌లో ఉన్నవన్నీ వేరేచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే పాతవన్నీ పోతాయి, జాగ్రత్త! పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. వాటి కోసం వీడియోను 4 జీబీ లోపు ముక్కలుగా చేయించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం.. కాపీ సగంలో ఆగితే అసంపూర్తి ఫైల్ మిగిలిపోవచ్చు. పేరు చూసి అంతా వచ్చేసిందనుకుని కెమెరా కార్డు చెరిపేస్తే తిరిగి తెచ్చుకోవడం కష్టం. రెండు చోట్లా సైజు బైట్లలో సరిపోయిందా చూడండి. వీడియో చివర్లో అప్పగింతల దాకా ఆడిందని నిర్ధారించుకున్నాకే కార్డు ఖాళీ చేయమనండి.