నూనె ఎక్కడికి పోయినది?

మధ్యాహ్నవేళ మట్టి ఎత్తు పని ఆపి, నిండు తొట్టిని మనిషి ఎత్తున నిలిపి, ఇంజను కట్టివేసి, రైతు భోజనమునకు పోయెను. అరగంట గడచిన పిమ్మట తిరిగివచ్చి చూడగా తొట్టి నేలను తాకి యున్నది. లీవరును ఎవరును ముట్టలేదు. గొట్టములు చిట్లలేదు. క్రింద ఒక్క నూనెచుక్కయైనను కారలేదు. నీడ యున్నదని ఆ తొట్టి క్రింద ఒక దూడయో, ఆడుకొను పిల్లవాడో చేరి యుండినచో ఏమయ్యెడిది?

పాత ట్రాక్టరు లోడరులందు ఇట్టి లోపము తరచుగ కనబడును. దీనిని బాగుచేయుటకు పానాలకంటె ముందు ఆలోచన కావలెను. తొట్టిని మోయుచున్న నూనె ఎక్కడికి పోయినది? ఈ ఒక్క ప్రశ్నకు సరియైన సమాధానము దొరికినచో లోపము దొరికినట్లే.

లోడరు ఎట్లు పనిచేయునో ముందుగ తెలిసికొనవలెను. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగ ప్రసరించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ తెలిపెను. చిన్న పిస్టన్ వైశాల్యము 1 చదరపు సెంటిమీటరు, దానితో కలిసియున్న పెద్ద పిస్టన్ వైశాల్యము 20 చదరపు సెంటిమీటర్లు అయినచో, చిన్నదానిపై ఉంచిన 10 కిలోల బరువు పెద్దదానిపైనున్న 200 కిలోల బరువును నిలుపగలదు. అయితే ప్రకృతి ఏదియు ఊరక ఈయదు. పెద్దది 1 సెంటిమీటరు లేవవలెనన్న చిన్నది 20 సెంటిమీటర్లు దిగవలెను. ఈ సూత్రము ననుసరించి ఇంగ్లండు దేశస్థుడు జోసెఫ్ బ్రామా నీటి ఒత్తిడితో పనిచేయు యంత్రమునకు 1795లో పేటెంటు పొందెను. లోడరు ఆ యంత్రమునకు మనుమని వంటిది. ఇందు నీటికి బదులు నూనె పనిచేయును.

ఇంజను పంపును త్రిప్పును. పంపు ట్యాంకులోని నూనెను కంట్రోలు వాల్వునకు పంపును. వాల్వు ఆ నూనెకు దారి చూపును. సిలిండరులో పిస్టన్ క్రిందికి నూనె చేరినచో చేతులు లేచును. పైకి చేరినచో దిగును. 5 సెంటిమీటర్ల వ్యాసము గల పిస్టన్ వైశాల్యము సుమారు 20 చదరపు సెంటిమీటర్లు. చదరపు సెంటిమీటరునకు 100 కిలోల ఒత్తిడి యున్నచో ఆ పిస్టన్ సుమారు 2,000 కిలోల బలముతో త్రోయును.

వాల్వు లోపల నున్నగా తొలిచిన రంధ్రమొకటి కలదు. దానిలో స్పూలు అను ఉక్కుకడ్డీ ముందునకు వెనుకకు జరుగుచుండును. వెదురుకఱ్ఱకు కణుపులున్నట్లు దీనికి అక్కడక్కడ లావుపాటి భాగములుండును. లీవరు నడుమ నున్నప్పుడు ఆ కణుపులు సిలిండరు దారులను మూసివేయును. పంపునుండి వచ్చు నూనె ఊరకనే ట్యాంకునకు మరలిపోవును. లీవరును కదిపినచో కణుపు జరిగి ఒక దారి తెరచుకొనును. కణుపునకును రంధ్రమునకును నడుమనుండు సందు మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు మాత్రమే. తలవెండ్రుక మందము దీనికి అనేక రెట్లు.

ఇంత సన్నని సందునుండియు నూనె కొంచెము జారుచునే యుండును. కావున క్రొత్త లోడరైనను చాలసేపటికి కొద్దిగా దిగుట వింత కాదు. కాని ఆ సందు అరిగి రెట్టింపైనచో, జారు నూనె రెట్టింపు గాక ఎనిమిది రెట్లగును. సందు మూడింతలైనచో ఇరువదియేడు రెట్లగును. పని వేడికి నూనె పలుచనైనచో మరింత వేగముగ జారును. ఉదయమున నిలిచిన తొట్టి మధ్యాహ్నమున జారిపోవుటకు కారణ మిదియే.

తొట్టి దిగగనే పలువురు సిలిండరును నిందింతురు. పిస్టన్ చుట్టునున్న సీలు అరిగి, నూనె క్రిందినుండి పైకి పోయినదని తలంతురు. సొమ్ము వెచ్చించి క్రొత్త సీళ్లు వేయింతురు. తొట్టి మాత్రము మునుపటివలెనే దిగుచుండును. ఏల? పిస్టన్ దిగినప్పుడు దాని కడ్డీ సిలిండరు లోనికి వచ్చి కొంత చోటు ఆక్రమించును. క్రిందినుండి తరలిన నూనెకు పైభాగమున చాలినంత చోటుండదు. నూనె అణగునది కాదు. కావున మిగిలిన నూనె సిలిండరును విడిచి ఎక్కడికైన పోయితీరవలెను. బయట కారలేదు గనుక అది వాల్వు గుండా ట్యాంకునకే పోయినది. సీలు కారినచో లోపలి ఒత్తిడి పెరిగి వాల్వుపై భారము హెచ్చును. అయినను వాల్వు దారి ఈయనిదే తొట్టి దిగజాలదు.

నేర్పరియైన మెకానిక్కు సులభమైన పరీక్షలతో మొదలిడును. ముందుగ ట్యాంకులో నూనె మట్టము చూచును. నూనె నురుగు కట్టినచో గాలి చొరబడుచున్నదని గ్రహించును. చేతులు ఎత్తుట, తొట్టిని వంచుట రెండును నీరసించినచో పంపును, ఫిల్టరును, అధిక ఒత్తిడిని విడుచు రిలీఫ్ వాల్వును అనుమానించును. ఒక్క పనియే చెడినచో ఆ పనికి సంబంధించిన భాగములనే చూచును. తొట్టి నిలిచియుండి, ఎత్తుటకు లీవరు కదిపినప్పుడు మాత్రము ఒకసారి దిగి పిమ్మట లేచినచో, నూనె వెనుకకు మరలకుండ ఆపు చిన్న చెక్ వాల్వులో మలినము చేరియుండును. లీవరు విడిచినప్పుడు స్పూలు సరిగా నడుమకు వచ్చుచున్నదా యని కూడ చూడవలెను. వంగిన కడ్డీయో, విరిగిన స్ప్రింగో ఆ స్పూలును వెండ్రుకవాసి ప్రక్కకు నిలిపినచో తొట్టి దిగకమానదు. అట్టి చోట వాల్వు విప్పనక్కరయే లేదు.

రిలీఫ్ వాల్వు మరను బిగించినచో బలము వచ్చునని కొందరు తొందరపడుదురు. తయారుచేసినవారు తెలిపిన ఒత్తిడిని మీరినచో గొట్టములు పగులును. ఒత్తిడికొలత లేనిదే ఆ మరను త్రిప్పరాదు.

వాల్వు విప్పుటయే అవసరమైనచో తొట్టిని నేలకు దింపి, ఇంజను ఆపి, లీవరులను పలుమార్లు అటునిటు కదిపి మిగిలిన ఒత్తిడిని పోగొట్టవలెను. ఎత్తియున్న చేతుల క్రింద, గట్టి ఆధారము లేక, ఒక్క క్షణమైనను నిలువరాదు. సన్నని చిల్లుకొరకు గొట్టమును చేతితో తడుమరాదు. సూదిమొనవలె వెలువడు నూనె చర్మమును చీల్చి లోనికి పోగలదు. గాయము చిన్నదిగ కనబడినను వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. చిల్లు వెదకుటకు ముఖమునకు కాపు ధరించి, దూరమునుండి అట్టముక్క నుపయోగింపవలెను.

విప్పుటకు ముందు వాల్వు పైనున్న మట్టిని కడిగి, ప్రతి గొట్టమునకును గుర్తు కట్టవలెను. గొట్టములు తారుమారైనచో ఎత్తు లీవరు దింపునదగును. స్పూలును సుత్తితో కొట్టక మెల్లగ లాగవలెను. శుభ్రమైన కిరోసినులో కడిగి, గోటి కొనతో తడిమి, నిడుపాటి గీతలున్నవేమో వెలుతురున చూడవలెను. చివరల రబ్బరు రింగులు గట్టిపడినచో మార్చవలెను. ఆ రింగులు బయటి కారుటను మాత్రమే ఆపును. లోపలి జారుటను ఆపలేవు. స్పూలును గరుకు కాగితముతో రుద్దినచో సందు మరింత పెరుగును. ఒక రంధ్రమునకు సరిపెట్టిన స్పూలు మరియొక దానికి పనికిరాదు. రంధ్రమే అరిగినచో ఆ జాతి వాల్వునే క్రొత్తది అమర్పవలెను.

ఈ అరుగుదలకు ముఖ్యకారణము కంటికి కనబడని ధూళి. మూత తుడువక నూనె పోయుట, మురికి గరాటు వాడుట, ఫిల్టరు మార్చక జాగుచేయుట చిన్న తప్పులుగ తోచును. ఆ ధూళిరేణువులే సన్నని సందులో చేరి ఉక్కును గీయును.

ఆ రైతు వాల్వు మార్చెను. క్రొత్త నూనె, క్రొత్త ఫిల్టరు వేసెను. తొట్టి కదలక నిలిచెను. అయినను ఆనాటినుండి అతడు భోజనమునకు పోవునప్పుడెల్ల తొట్టిని నేలకు దింపియే పోవుచుండెను.