వెండితెరపై నాస్తికుడు: కథ ముగిసేసరికి ఎందుకు మారిపోతాడు?

భారతీయ సినిమాకు దేవుణ్ణి నమ్మని పాత్ర కొత్తది కాదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనే హరి ఎక్కడున్నాడో చూపమని కొడుకును నిలదీసే తండ్రి ఉన్నాడు. అయితే ఆ హిరణ్యకశిపుడి నుంచి నేటి కథానాయకుల వరకు ఒక పోలిక కనిపిస్తుంది. ప్రశ్నతో మొదలైన పాత్ర ప్రశ్నతోనే ముగియడం చాలా అరుదు. స్తంభం బద్దలవుతుంది, అద్భుతం జరుగుతుంది, లేదా మనసు మారుతుంది. ఏదో ఒక రీతిన కథ విశ్వాసం వైపు ఒరుగుతుంది. దీనికి కారణాలు మన కథా సంప్రదాయంలోనూ, సినిమా వ్యాపారంలోనూ, చట్టంలోనూ ఉన్నాయి.

అలిగిన భక్తుడు

మన భక్తి సంప్రదాయంలో దేవుణ్ణి తిట్టడం అపచారం కాదు. నిందాస్తుతి పేరుతో దానికి ఒక గౌరవస్థానం ఉంది. చెరసాలలో ఉన్న భద్రాచల రామదాసు రాముణ్ణి నిష్ఠూరమాడిన తీరు తెలుగువారికి సుపరిచితం. పగతో తలచినా భగవంతుణ్ణి చేరవచ్చుననే వైరభక్తి భావన పురాణాల్లో ఉంది. ఈ దృష్టిలో దేవుడితో తగవు పడేవాడు దేవుడికి దూరమైనవాడు కాడు, అలిగినవాడు మాత్రమే.

యశ్ చోప్రా దర్శకత్వంలో 1975లో వచ్చిన హిందీ చిత్రం ‘దీవార్’ ఇందుకు చక్కని ఉదాహరణ. అమితాబ్ బచ్చన్ పోషించిన విజయ్ బాల్యం నుంచీ గుడి మెట్ల దగ్గరే ఆగిపోతాడు. తల్లి ప్రాణాపాయంలో ఉన్నప్పుడు లోపలికి వెళ్లి శివుణ్ణి నిలదీస్తాడు. గుడిలో అడుగుపెట్టని ఆ మనిషే 786 అంకె ఉన్న బిళ్లను తనకు రక్షగా భావిస్తాడు. చివరికి గుడిలోనే, తల్లి ఒడిలో కన్నుమూస్తాడు. కథారచయితల జంట సలీం-జావేద్‌లో ఒకరైన జావేద్ అఖ్తర్ తాను నాస్తికుడినని బహిరంగంగా చెప్పుకొనే వ్యక్తి. అయినా ఆయన పాత్ర అలక దాటి నిరాకరణ వరకు వెళ్లలేదు.

తెలుగులో తిన్నడి కథది మరింత సూటి మార్గం. 1976లో బాపు తీసిన ‘భక్త కన్నప్ప’లోనూ, 2025లో వచ్చిన ‘కన్నప్ప’లోనూ కథానాయకుడు మొదట దేవుణ్ణి నమ్మని వేటగాడు, చివరికి శివుడికి కన్నులు అర్పించే పరమభక్తుడు. ఇక్కడ అవిశ్వాసం భక్తికి తొలి మజిలీ మాత్రమే.

దోషం దళారిది

రెండో పద్ధతిలో విమర్శ ఘాటుగానే ఉంటుంది. కానీ దాని గురి దేవుడు కాదు, దేవుడి పేరుతో బతికే మధ్యవర్తి. ద్రావిడ ఉద్యమ భావాలతో ఎం. కరుణానిధి సంభాషణలు రాసిన తమిళ చిత్రం ‘పరాశక్తి’ (1952) పూజారి దుర్మార్గాన్ని గుడిలోనే నిలదీసి సంచలనం సృష్టించింది. అయితే ఆ చిత్రంలోనూ కోర్టులో నిలబడిన కథానాయకుడు తన కోపం గుడి ఉన్నందుకు కాదని, అది దుర్మార్గులకు నెలవు కాకూడదనేనని చెబుతాడు.

అరవై ఏళ్ల తర్వాత హిందీలో వచ్చిన ‘ఓ మై గాడ్’ (2012) ఇదే దారిలో నడిచింది. విగ్రహాలు అమ్మే కాంజీ దుకాణం భూకంపంలో కూలుతుంది. అది దైవిక ఘటన కనుక పరిహారం ఇవ్వలేమని బీమా సంస్థ చెప్పడంతో అతను దేవుడి మీదే దావా వేస్తాడు. పరేశ్ రావల్ పోషించిన ఈ పాత్ర వాదనలో నెగ్గుతుంది. కానీ పక్షవాతానికి గురైన అతణ్ణి స్వయంగా శ్రీకృష్ణుడే నయం చేస్తాడు. వెంకటేశ్, పవన్ కల్యాణ్ నటించిన ‘గోపాల గోపాల’ (2015) దీనికి తెలుగు రూపం. ‘పీకే’ (2014)లో గ్రహాంతరవాసి కూడా మనుషుల్ని సృష్టించిన దేవుణ్ణి, మనుషులు సృష్టించుకున్న దేవుణ్ణి వేరు చేసి, రెండో దాన్నే తోసిపుచ్చుతాడు.

ఈ పద్ధతి వల్ల ప్రయోజనం లేకపోలేదు. భక్తులైన ప్రేక్షకులే దొంగ బాబాలను చూసి నవ్వుకుంటూ హాలు నుంచి బయటికి వస్తారు. అయితే దేవుడు ఉన్నాడా అన్న అసలు ప్రశ్న మాత్రం తెర మీద చర్చకు రాకుండానే తేలిపోతుంది. నాస్తికుడికి న్యాయం జరిగిందని చెప్పడానికి కూడా దేవుడే సాక్షిగా రావలసి వస్తుంది.

మూల్యం ఎవరిది?

మూడో పద్ధతి దేవుడి ఉనికిని తేల్చడానికి ప్రయత్నించదు. విశ్వాసం వల్ల మనుషులకు ఏమవుతుందో చూపి ఊరుకుంటుంది. సత్యజిత్ రాయ్ ‘దేవి’ (1960)లో మామగారికి వచ్చిన ఒక కల కారణంగా పదిహేడేళ్ల కోడలు దేవతగా పూజలందుకుంటుంది. భర్త ఆమెను తప్పించి తీసుకుపోవాలని చూస్తే, తాను నిజంగా దేవతనేమోనన్న భయంతో ఆమే వెనుదిరుగుతుంది. మామగారు మోసగాడు కాడు, నిష్కపటమైన భక్తుడు. నింద మోపడానికి దళారి ఎవరూ లేకపోవడమే ఆ కథలోని విషాదం.

ఇబ్సెన్ నాటకం ఆధారంగా రాయ్ తీసిన ‘గణశత్రు’లో గుడి తీర్థం కలుషితమైందని ఒక వైద్యుడు హెచ్చరిస్తాడు. సభలో చర్చ నీటిని వదిలి అతని మతం మీదికి మళ్లుతుంది. ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళ చిత్రం ‘నిర్మాల్యం’ (1973)లో జీవితమంతా అమ్మవారి సేవలో గడిపిన నిరుపేద వెలిచ్చప్పాడు, అంటే దేవత పూనే ఉపాసకుడు, చివరికి నెత్తురును విగ్రహం మీదే ఉమ్ముతాడు. ఆ చిత్రానికి ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది.

చట్టం ఏమంటుంది?

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1991లో జారీ అయిన మార్గదర్శకాలు మతవర్గాలను కించపరిచే దృశ్యాలు, మాటలు ఉండరాదని చెబుతాయి. మతభావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ ప్రకారం నేరం. మరోవైపు ఎస్. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1989లో ఇచ్చిన తీర్పు, ఆందోళనలు జరుగుతాయన్న బెదిరింపుతో భావప్రకటనను అణచరాదని స్పష్టం చేసింది. ఈ రెండింటి మధ్య నిర్మాత తరచూ సురక్షితమైన దారినే ఎంచుకుంటాడు. 2023లో ‘ఓఎంజీ 2’ మార్పుల తర్వాతే పెద్దలకు మాత్రమే అనే ధ్రువపత్రంతో విడుదలైంది. అందులో అక్షయ్ కుమార్ పాత్ర శివుడి నుంచి శివదూతగా మారింది.

నష్టం ఇరువైపులా

మారకుండా మిగిలిన నాస్తికులు తెరపై లేకపోలేదు. కమల్ హాసన్ తమిళ చిత్రం ‘అన్బే శివం’ (2003)లో కమ్యూనిస్టు నల్లశివం చివరి వరకు తన భావాలతోనే ఉంటాడు. కానీ ఆ చిత్రం కూడా ప్రేమే దైవమని చెప్పి ఇరుపక్షాలకూ రాజీ కుదురుస్తుంది.

ఈ ధోరణి వల్ల నష్టం నమ్మనివారికే పరిమితం కాదు. నాస్తికుడంటే గాయపడినవాడో, గర్విష్ఠో అయినప్పుడు, భక్తుడంటే మోసపోయినవాడో, అద్భుతం కోసం ఎదురుచూసేవాడో అవుతాడు. ఏ మహిమా ఆశించకుండా నమ్మేవారు, ఏ గాయమూ లేకుండా ఆలోచించి నమ్మకం వదులుకున్నవారు ఒకే ఇంట్లో కలిసి బతుకుతున్న దేశం ఇది. వారిద్దరూ ఓడిపోకుండా, మారిపోకుండా మాట్లాడుకునే కథలు మన తెరపై ఇప్పటికీ తక్కువే.