ఏకు మేకైన పాట

"ఏకు మేకైనట్లు" అనే పలుకుబడిని మనం నిందార్థంలోనే వాడుతూ ఉంటాము. మెత్తని దూది ఏకులా ఇంట చేరి, చివరకు కొయ్య మేకులా దిగబడినవానిని గురించి పెద్దలు ఆ మాట అంటారు. కాని పాట విషయంలో దీనిని మెచ్చుకోలుగా కూడా వాడవచ్చునని నాకు చాలాకాలంగా ఒక అభిప్రాయం ఉన్నది. ఎవరికీ పట్టనంత వినయంగా, సన్నగా ఆరంభమై, చివరకు వినేవాని గుండెలో మేకులా దిగి నిలిచిపోయే పాటలు కొన్ని ఉన్నవి. అట్టి పాటలకు ప్రాణం పోసిన మహాకళాకారులలో కొందరు మన పత్తిచేల, మిరపచేల నడుమ నుంచి వచ్చినవారే.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక విద్యార్థి వేసిన ప్రశ్న. బి.ఏ. తరగతిలో దేశి కళారూపాలను గురించి పాఠం చెబుతూ, ఊరక మాటలతో చెప్పడం కంటే వినిపించడం మేలని, సెల్‌ఫోనుకు ఒక చిన్న స్పీకరు తగిలించి నాదస్వరంపై ఒక రాగాలాపన వినిపించాను. నాలుగు నిమిషాలు గడిచినవి. వెనుక బల్ల నుంచి ఒక అబ్బాయి లేచి, ఎంతో మర్యాదగా, "సార్, అసలు పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. సమాధానం చెప్పేలోగా గంట కొట్టారు. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమే ఈ నాలుగు పుటలు.

మా తాత దూదేకేవాడు. మాది నరసరావుపేట సమీపంలోని ఒక పల్లె. పత్తి తీతలు ముగిసి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులలో ఆయనకు పని దొరికేది. ఇంటివారు తెచ్చి పడవేసిన పాత పరుపులోని దూది రాయిలా గడ్డకట్టి ఉండేది. ఆయన గుప్పెడు దూది ముందు వేసుకుని, పైనుంచి వేలాడే పొడవాటి విల్లును దానికి ఆనించి, తంతిని కొయ్యతో కొట్టేవాడు. మొదటి దెబ్బలకు ఏమీ జరిగినట్లు కనిపించదు. తంతి మాత్రం ఝుమ్మని ఒకే శ్రుతిలో మోగుతూ ఉంటుంది. కొంతసేపటికి గడ్డ విడుతుంది. పోగుకూ పోగుకూ మధ్య గాలి చొరబడుతుంది. పూట గడిచేసరికి అరుగు మీద మబ్బు దిగినట్లుండేది. చిన్నతనంలో నాకు అది ఇంద్రజాలంలా తోచేది. బయటి నుంచి ఒక్క పోగు కూడా చేర్చలేదు గదా, ఇంత దూది ఎక్కడిది?

రాగాలాపనలో జరిగేదీ ఇదే. గాయకుడు ముందుగా రెండు మూడు చిన్న పలుకులలో రాగం పేరు చెప్పినట్లు చెబుతాడు. తరువాత షడ్జం చుట్టూ, దాని కింద, కొంచెం పైన మసలుతాడు. ఒక స్వరం మీద నిలిచి, దాని ఇరుగుపొరుగులను చూచి, మరల కిందికి వస్తాడు. తరువాతి సారి ఒక మెట్టు పైకి పోతాడు. పై షడ్జం అందుబాటులోనే ఉన్నప్పటికీ దానిని వెంటనే తాకడు. తాకబోయినట్లు నటించి వెనుకకు మరలుతాడు. ఇట్లా పదిహేను నిమిషాలు దాచిన స్వరాన్ని చివరకు ఎత్తి పట్టుకున్నప్పుడు సభ అంతా ఒక్కసారి ఊపిరి వదులుతుంది. ఆ స్వరం నిజానికి అంత ఎత్తైనది కాదు, దాని కోసం మనం ఎదురుచూచిన కాలం దానిని ఎత్తు చేసింది. మన శాస్త్రకారులు ఈ క్రమాన్ని ఎన్నడో గుర్తించారు. 17వ శతాబ్దిలో వేంకటమఖి తన చతుర్దండీ ప్రకాశికలో ఆలాపనకు అంగాలు చెబుతూ, తొలి అంగాన్ని ఆక్షిప్తిక అనీ, దాని తరువాత రాగాన్ని విస్తరించే అంగాన్ని రాగవర్ధని అనీ పేర్కొన్నాడు. వర్ధని అనగా పెంచేది. మా విద్యార్థి పాట ఇంకా మొదలు కాలేదని భావించిన ఆ నాలుగు నిమిషాలూ పాట పెరుగుతూనే ఉన్నది.

ఈ పని నాదస్వరం మీద మరింత కష్టం. అది ఆలయ వీధులలో, ఊరేగింపులలో, మైకు లేని రోజులలో ఊరంతటికీ వినిపించడానికి పుట్టిన వాద్యం. గట్టిగా మోగడం దానికి సహజగుణం. హార్మోనియానికి వలె మెట్లు లేవు. రంధ్రాన్ని వేలితో సగం మూసి, ఊపిరి ఒత్తిడి మార్చి, గమకాన్ని రాబట్టవలె. అంతటి వాద్యాన్ని గుసగుసలాడించాలంటే గట్టిగా ఊదడానికి కావలసిన దానికంటె ఎక్కువ నిగ్రహం కావాలి. ఏనుగును పూలతోటలో నడిపించినట్లన్నమాట.

ఆ నిగ్రహానికి పేరుపొందినవారు షేక్ చినమౌలానా. ఆయన 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో జన్మించారు. తొలి విద్య ఇంటిలోనే తండ్రి వద్ద, అటుపై చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబు వద్ద. అంతటితో తృప్తిపడక, తంజావూరు బాణీ మీది మక్కువతో నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల వద్ద మరల శిష్యరికం చేశారు. చివరకు శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో నాదార్చన చేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు లభించినవి. 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంటిలో మిఠాయి పంచుకున్నాము; వారితో మాకు చుట్టరికం ఏమీ లేదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. పాట పెరగడమంటే వేగం పెరగడమని మన విద్యార్థులలో చాలామంది తలంపు. త్యాగరాజస్వామి (1767–1847) కృతులలోని సంగతులను చూడండి. పల్లవిలోని పంక్తిని మొదటిసారి సాదాగా పాడతారు. రెండవసారి ఏదో ఒక మాట వద్ద చిన్న మలుపు. మూడవసారి ఆ మలుపును ఉంచి దాని మీద ఇంకొకటి. బిలహరిలోని 'నా జీవాధార' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. సాహిత్యంలో ఒక్క అక్షరం మారదు, తాళం ఒక్క మాత్ర తొందరపడదు. అయినా పంక్తి అంతస్తు మీద అంతస్తుగా లేస్తుంది. సంగీతం రాని తెలుగు ఉపన్యాసకుడికి కూడా ఇందులో ఒక పాఠం ఉన్నది: ఒకే వాక్యాన్ని ఆరుసార్లు చదివితే ఆరు అర్థాలు రాగలవని.

పాశ్చాత్యులలో కూడా ఇట్టి సాహసం చేసినవాడు ఒకడున్నాడు. ఫ్రెంచి స్వరకర్త మారిస్ రావెల్ 1928లో 'బొలేరో' అనే రచన చేశాడు. ఒక చిన్న డోలు వినీవినిపించకుండా ఒక లయఖండాన్ని ఆరంభిస్తుంది. దాని మీద ఒంటరి పిల్లనగ్రోవి ఒక వరుస పలుకుతుంది. అంతే. సుమారు పావుగంటసేపు అదే లయ, ఆ రెండు వరుసలే. ఒక్కొక్క వాద్యం వచ్చి చేరుతూ చివరకు వాద్యబృందం అంతా ఏకమై కప్పు ఎగిరిపోయేటట్లు మోగుతుంది. ముగింపుకు కొంచెం ముందు ఒక్కసారి ఆధారశ్రుతి మారుతుంది. అంతదాకా కదలని నేల కదిలినట్లవుతుంది. నాకు అది ఎంతో నచ్చుతుంది. కాని అది వరుసను పెంచలేదు, వరుస చుట్టూ జనాన్ని పెంచింది. మన విద్వాంసుడు ఉన్న గుప్పెడు దూదినే ఏకుతాడు. రెండింటిలో ఏది గొప్ప అనే చర్చ అనవసరం; రెండూ ఒక్కటి కావని గ్రహిస్తే చాలును.

ఇక బుర్రకథ. ఇందులో రెండు పద్ధతులూ కలిసినవి. నడుమ కథకుడు, భుజాన తంబురా, వేళ్ళకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. ఆరంభం ఎంతో సామాన్యం. ప్రార్థన, కథా పరిచయం, కూర్చున్న పెద్దలకు నమస్కారం. కథకుడు ఒక పంక్తి అందుకుంటాడు, వంతలు "తందాన తాన" అంటూ దాని కొసను పట్టుకుని సాగదీస్తారు, ఆ సందున కథకునికి ఊపిరి దొరుకుతుంది. యుద్ధఘట్టం సమీపించే కొలదీ పంక్తులు కురచవుతవి, అడుగులు ముందుకు వెనుకకు పడుతవి, వంతలు ఊపిరి ఇవ్వడం మాని ఊపిరి తీసుకోనివ్వకుండా చేస్తారు. సరిగ్గా అప్పుడే హాస్యపు వంత ఒక వెకిలి ప్రశ్న వేస్తాడు. జనం నవ్వుతారు, బిగువు సడలుతుంది. ఇది లోపమని కొందరు విమర్శకులు భావించారు. నా ఉద్దేశంలో ఈ కళకు ఆయువుపట్టు అదే. మెట్టు దిగినవాడే పెద్ద అంగ వేయగలడు. ఆ నవ్వు తరువాత బాలచంద్రుడు కత్తి పట్టినప్పుడు, నవ్విన నోళ్ళే తెరుచుకుని ఉండిపోతవి.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ ఈ కళను శిఖరానికి చేర్చారు. ప్రజానాట్యమండలిలో చేరి పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు వంటి కథలను ఊరూరా వినిపించారు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' చిత్రంలోని అల్లూరి బుర్రకథ ఆయనదే. అప్పటి మద్రాసు ప్రభుత్వం, అటు నిజాం ప్రభుత్వం కూడా ఈ కళను నిషేధించిన సందర్భాలున్నవి. ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు. వీటికి ప్రభుత్వాలు జంకినవంటే ఆరంభాన్ని చూచి కాదు గదా! మా తాత ఆయన కథను ఒక మిరప కల్లంలో విన్నాడట. ఎండుకాయల ఘాటుకు తుమ్ముతూనే తెల్లవార్లూ కూర్చున్నామని చెప్పేవాడు. "మొదలెట్టేటప్పుడు ముగ్గురే ఉన్నార్రా, కోడికూసే వేళకు దండు దిగింది" అనేవాడు. నాజర్‌ను 1986లో పద్మశ్రీ వరించింది. 1997లో పరమపదించారు. నేను ఆయనను చూడలేదు, రికార్డులలో విన్నాను.

ఆయన చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి అక్షరబద్ధం చేసిన ఆత్మకథ పేరు 'పింజారి'. పింజారి అంటే దూదేకేవాడు. ఆ మాట మన ఊళ్ళలో తిట్టుగా ఎట్లా మారినదో నేను వివరించనక్కరలేదు. ఆరవ తరగతిలో నన్ను ఒకరు నిండు తరగతిలో ఆ మాటతో పిలిచారు. తెలుగు ఇంటి భాష అయినందున ఉర్దూ తెలిసినవారి నడుమ కూడా మావారు కొంత వెనుక వరుసలోనే నిలబడేవారు. ఇటు మసీదులోను, అటు బడిలోను తల వంచుకునే నేను, ఎం.ఏ. చదివే రోజులలో గ్రంథాలయపు బీరువాలో ఆ పుస్తకం వెన్ను మీద ఆ మూడక్షరాలు చూచి చాలాసేపు దానిని తీయలేకపోయాను. తీసిన తరువాత పెట్టలేకపోయాను. తిట్టుగా చిన్నబోయిన మాటను అట్ట మీద అచ్చొత్తించి ఆయన తలెత్తుకున్నారు. అదీ ఏకు మేకు కావడమే.

ఉర్దూ విభాగపు విద్యార్థులు ఖవ్వాలీ మాట ఏమిటని అడగవచ్చు. హమ్ద్, నాత్, మన్‌ఖబత్ అనే క్రమంలో దైవస్తుతితో నెమ్మదిగా ఆరంభమై, ఒక మిస్రా వద్ద చిక్కుకుని అదే మిస్రాను మరల మరల పాడడం, నడుమ వేరొక షేరును గిరహ్ వేసి తెచ్చి తొలి మిస్రాకే ముడివేయడం, చప్పట్ల లయ క్రమంగా బిగియడం మీరు ఉర్సులలో వినే ఉంటారు. గమనించవలసినది ఒక్కటే. సమా సభలో శ్రోతకు ఏ మాట వద్ద హాల్ వస్తే, ఖవ్వాల్ ఆ మాటను దాటిపోడు; ఆతడు నెమ్మదించేదాకా అక్కడే తిరుగుతాడు. అనగా పాట ఎంత పెరగాలో నిర్ణయించేది పాడేవాడొక్కడే కాదు, ఎదుట కూర్చున్నవాడు కూడా.

అందుచేతనే నాకు భయం. కిందటి వేసవిలో మా ప్రాంతంలో ఒక పెండ్లికి వెళ్ళాను. నాదస్వర విద్వాంసుడు తోడి రాగం అందుకున్నాడు. రెండు నిమిషాలు కాకముందే వీడియో తీసే కుర్రవాడు చేయి ఊపి ఏదో సినిమా పాట పేరు చెప్పాడు. ఆయన మారుమాట లేకుండా దానిని వాయించాడు. మాంగళ్యధారణ వేళ గట్టిమేళం మోగించి పక్కకు జరిగాడు. భోజనాల వేళ నేను చేతులు కడుగుకొని వస్తూ ఉండగా పందిరి వెనుక నుంచి సన్నగా అదే తోడి వినిపించింది. డోలు ఆయన తాంబూలం నములుతూ పక్కన కూర్చున్నాడు. వంటవారు గంగాళాలు తోముతున్నారు. ఆయన ఆగినచోటు నుంచి అందుకోలేదు. మొదటి నుంచీ, ఆ రెండు చిన్న పలుకుల నుంచీ మరల ఆరంభించాడు. పై షడ్జాన్ని చేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి గంగాళాల చప్పుడు ఆగిపోయి ఉన్నది.

ఆనాడు తరగతిలో ప్రశ్న వేసిన అబ్బాయికి మనవి: నీవు విన్నది కూడా తోడియే. దాని నిడివి ఇరవైరెండు నిమిషాలు. మిగిలిన పద్దెనిమిది నా వద్దనే ఉన్నవి. శనివారం చివరి గంట తరువాత తెలుగు శాఖ గది తెరిచే ఉంటుంది.