సిగ్నల్ ఫుల్.. యాప్‌లో మాత్రం ‘నో ఇంటర్నెట్’! ఎందుకిలా?

నెల ఒకటో తారీఖు. పల్నాడు జిల్లా బెల్లంకొండలో ఉంటున్న మీ నాయనమ్మకు పింఛను ఇవ్వడానికి సచివాలయ ఉద్యోగి ఇంటికి వచ్చారనుకోండి. ఎన్టీఆర్ భరోసా కింద రూ.4,000 చేతికి రావాలంటే ముందు ఆమెను ఆధార్ ద్వారా గుర్తించాలి. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. యాప్‌లో చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. ‘ఇందాకే వేలు పెట్టాను కదా నాయనా’ అంటోంది ఆమె. అదే సమయంలో మీరు హైదరాబాద్‌లో కిరాణా కొట్టు ముందు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, అదే చక్రాన్ని చూస్తున్నారు. లోపం ఎక్కడుంది?

సిగ్నల్ ఉంటే నెట్ ఉన్నట్టేనా?

కాదు. ఆ గీతలు మీ ఫోన్‌కూ టవర్‌కూ మధ్య సిగ్నల్ ఎంత బలంగా ఉందో మాత్రమే చెబుతాయి. టవర్ నుంచి ఇంటర్నెట్‌కు వెళ్లే దారి తెగినా, టవర్‌పై రద్దీ పెరిగినా, మీ డేటా ప్యాక్ అయిపోయినా గీతలు అలాగే ఉంటాయి. వైఫై కూడా అంతే. రూటర్‌కు కనెక్ట్ అయినంత మాత్రాన నెట్ వస్తున్నట్టు కాదు.

మరి ఫోన్‌కు ఎలా తెలుస్తుంది?

అడిగి చూస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ నెట్‌వర్క్‌కు కనెక్ట్ కాగానే సాధారణంగా గూగుల్ సర్వర్‌కు ఒక చిన్న అభ్యర్థన పంపుతుంది. జవాబుగా ‘204’ అనే కోడ్ వస్తే నెట్ ఉన్నట్టు. 204 అంటే ‘అందింది, పంపడానికి ఏమీ లేదు’ అని అర్థం. దానికి బదులు లాగిన్ పేజీ వస్తే, రైల్వే స్టేషన్ వైఫైలో లాగా ముందు లాగిన్ కావాలని ఫోన్ గ్రహిస్తుంది. ఏ జవాబూ రాకపోతే గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం చూపిస్తుంది. ఐఫోన్ కూడా యాపిల్ సర్వర్‌ను ఇలాగే అడుగుతుంది.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్‌లు ఈ తేడాను ఫోన్‌నే అడిగి తెలుసుకోవచ్చు. ‘నెట్‌వర్క్ ఉందా?’ అన్నది ఒక ప్రశ్న. ‘నెట్ నిజంగా పనిచేస్తోందని తేలిందా?’ అన్నది మరో ప్రశ్న. మొదటి ప్రశ్నతోనే సరిపెట్టుకున్న యాప్‌లు నెట్ లేకున్నా ఉందనుకుని చక్రం తిప్పుతుంటాయి.

నెట్ ఉన్నా ఎందుకు ఆగుతుంది?

గూగుల్ పలికినంత మాత్రాన మీ బ్యాంకు సర్వరో, ఆధార్ సర్వరో పలుకుతుందని లేదు. మంచి యాప్ తన సర్వర్‌ను కూడా అడుగుతుంది. కొన్ని సెకన్లు చూసి జవాబు రాకపోతే ‘మీ నెట్ లేదు’ అనో, ‘మా సర్వర్ పనిచేయడం లేదు’ అనో విడివిడిగా చెబుతుంది.

మీరేం చేయాలి?

* బ్రౌజర్‌లో ఇంతకుముందు చూడని వెబ్‌సైట్ ఒకటి తెరవండి. తెరుచుకుంటే నెట్ ఉన్నట్టే. లోపం యాప్‌దో, దాని సర్వర్‌దో కావచ్చు.
* తెరుచుకోకపోతే వైఫై ఆపి మొబైల్ డేటాతో ప్రయత్నించండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పది సెకన్లు పెట్టి తీయండి.
* ఫోన్‌లో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో చూడండి. అవి తప్పుగా ఉంటే సురక్షిత కనెక్షన్లు కుదరవు.
* యూపీఐ చెల్లింపు మధ్యలో ఆగితే వెంటనే మళ్లీ నొక్కకండి. మీ అభ్యర్థన వెళ్లిపోయి, జవాబు మాత్రమే మీకు చేరకపోయి ఉండొచ్చు. ముందు హిస్టరీ, ఖాతా బ్యాలెన్స్ చూడండి.
* డబ్బు కట్ అయి అవతలివారికి చేరకపోతే, 2019 సెప్టెంబరు నాటి ఆర్బీఐ నిబంధనల ప్రకారం వ్యక్తులకు పంపినదైతే మర్నాటికల్లా, దుకాణదారుకు చెల్లించినదైతే ఐదు రోజుల్లోగా తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి.
* పింఛను విషయంలో నాయనమ్మకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి. వేలిముద్ర వేశాక యాప్ ఆగిపోతే, పింఛను ఇచ్చినట్టు నమోదైందో లేదో చూసి చెప్పమని ఉద్యోగిని అడగాలి. నమోదైతే డబ్బు అక్కడే తీసుకోవాలి. కాకపోతే నెట్ అందే చోట మళ్లీ ప్రయత్నించమనాలి.

చక్రం తిరుగుతోందంటే పని జరగలేదని కాదు, జరిగిందనీ కాదు. జవాబు ఇంకా రాలేదని మాత్రమే.