బారిటోన్ కొంటున్నారా? దుకాణంలోనే మాయామాళవగౌళ వాయించి చూడండి

గోరంట్ల, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం వైపు డీజే పెట్టెల హోరు ఎంత పెరిగినా బ్యాండు మేళానికి చోటు ఇంకా మిగిలే ఉంది. పక్కనే పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థల విద్యార్థులకు సొంత బ్రాస్ బ్యాండే ఉంది. వాటిని వింటూ పెరిగిన కుర్రాడికి ఇత్తడి వాయిద్యం నేర్చుకోవాలనిపిస్తే మొదట చెయ్యి చాపేది ట్రంపెట్ వైపే. తప్పేం లేదు. కానీ పై స్వరాల్లో ట్రంపెట్ పెదవిని చాలా శ్రమ పెడుతుంది. రోజుకో గంట మించి తీరిక దొరకని ఉద్యోగస్తుడికీ, వ్యాపారస్తుడికీ బారిటోన్ చాలా నయం అని నా అభిప్రాయం.

బారిటోన్ గొట్టం పొడవు ట్రంపెట్‌కు రెట్టింపు కాబట్టి ఒక స్థాయి కింద పలుకుతుంది. గొంతు గంభీరం, వేళ్లు మాత్రం ట్రంపెట్‌వే. ట్రంపెట్ స్వరలిపి చదవడం వచ్చినవాళ్లు కొత్తగా నేర్వాల్సింది పెదవి పట్టూ, ఊపిరీ మాత్రమే.

చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన మేళాల్లో ఎక్కువగా కనిపించేది బారిటోన్ కాదు, యుఫోనియం. రెండూ తొమ్మిది అడుగుల గొట్టాలే, రెండిటి శ్రుతీ ఒకటే. బారిటోన్ గొట్టం సన్నం, చాలా దూరం ఒకే వెడల్పుతో సాగుతుంది. యుఫోనియం గొట్టం మొదటినుంచీ వెడల్పవుతూ పోతుంది, అందుకే దాని నాదం నిండుగా ఉంటుంది, ఊపిరీ ఎక్కువ తాగుతుంది. అమెరికాలో బెల్లు ముందుకు తిరిగిన యుఫోనియం లాంటి దాన్ని కూడా బారిటోన్ అనే పిలిచారు, ఆ అలవాటు మన దుకాణాలకూ పాకింది. బిల్లు మీద పేరు చూసి మోసపోవద్దు. వాల్వుల దగ్గర గొట్టం లోపలి వెడల్పు అడగండి. 13 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బారిటోన్, 14.5 దాటితే యుఫోనియం కింద లెక్క.

ఇక వాల్వుల సంగతి. దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేదీ, మిగిలేదీ ఇక్కడే. రెండో వాల్వు అరస్వరం దించుతుంది, మొదటిది ఒక స్వరం, మూడోది స్వరమున్నర. బారిటోన్ గొట్టం సుమారు 2.7 మీటర్లు. అరస్వరం దిగాలంటే దానికి 16 సెంటీమీటర్లు కలవాలి, ఒక స్వరానికి 33, స్వరమున్నరకు 51. మూడూ ఒకేసారి నొక్కితే కలిసేది 100 సెంటీమీటర్లు. కానీ మూడు స్వరాలు దిగడానికి కావలసింది 112. గొట్టం పొడవయ్యేకొద్దీ ప్రతి మెట్టుకూ ఇంకాస్త ఎక్కువ గొట్టం పడుతుంది, విడివిడిగా కొలిచి చేసిన వాల్వులకు ఆ సంగతి తెలియదు. ఆ 12 సెంటీమీటర్ల లోటు అరస్వరంలో దాదాపు సగం హెచ్చుగా వినిపిస్తుంది. తయారుచేసేవాళ్లు మూడో గొట్టాన్ని కొంచెం పొడుగు చేసి సర్దుతారు గానీ, పూర్తిగా పోదు.

మన సంగీతంలో ఇది ఎక్కడ గుచ్చుకుంటుందో చూడండి. బారిటోన్ షడ్జమం ఆరున్నర శ్రుతి. వాల్వులేవీ నొక్కకుండా కింది షడ్జమం, పంచమం, పై షడ్జమం, దాని మీద అంతర గాంధారం పలుకుతాయి. కింది షడ్జమం నుంచి సరళీ స్వరాలు మొదలుపెడితే రెండో అడుగే శుద్ధ రిషభం, అంటే మూడు వాల్వులూ ఒకేసారి. పిల్లలకు మొదట చెప్పే మాయామాళవగౌళ ఈ వాయిద్యంలోని అతి బలహీనమైన చోటునే మొదట తొక్కుతుందన్నమాట. శంకరాభరణానికి పోతే చతుశ్రుతి రిషభం మొదటి, మూడో వాల్వుల మీద పడుతుంది. హెచ్చు కొంచెం తగ్గుతుంది, అంతే. అదే పాఠం పై షడ్జమం నుంచి అందుకుంటే ఈ బాధ దాదాపు ఉండదు.

ఈ లోటు తీర్చడానికి లండన్‌లో బూసీ కంపెనీకి చెందిన డేవిడ్ బ్లెయిక్లీ 1874లో ఒక ఉపాయం కనిపెట్టాడు. వాల్వులు కలిపి నొక్కినప్పుడు గాలి వాటిలోంచి రెండోసారి తిరిగి, అదనపు చిన్న గొట్టాల గుండా పోయే ఏర్పాటు అది. ఖరీదైన బెస్సన్, యమహా వాయిద్యాల్లో నేటికీ కనిపిస్తుంది. చర్చి బ్యాండులో కింది స్థాయి స్వరాలు పట్టేవాడికి అది అవసరమే. సినిమా పాటలూ, కీర్తనలూ పై షడ్జమం నుంచి వాయించుకునేవాడికి మాత్రం మూడు మామూలు వాల్వులు చాలు. మిగిలిన డబ్బు మంచి మౌత్‌పీస్‌కు పెట్టండి.

మన దేశంలో బ్యాండు వాయిద్యాలంటే మీరట్. అక్కడి జలీ కోఠీ వీధి దీనికే పేరు, నాదిర్ అలీ సంస్థ 1885 నాటిది. ధర అందుబాటులో ఉంటుంది, కానీ చేతిపని కాబట్టి ఒక కొమ్ములా మరొకటి ఉండకపోవచ్చు. పక్కపక్కన రెండు మూడు ఊది ఎంచుకోవాలి. యమహా వైబిహెచ్-301 లాంటి మూడు వాల్వుల బారిటోన్ పాతది దొరికితే చాలామందికి అంతకు మించి అక్కర్లేదు.

దుకాణంలో మెరుగు చూడకండి. వాల్వు నొక్కకుండా దాని స్లైడు బయటికి లాగి, అప్పుడు వాల్వు నొక్కండి. టప్పుమని చప్పుడు రావాలి. రాకపోతే పిస్టన్ అరిగి గాలి జారిపోతోందని అర్థం. పిస్టన్‌ను మెల్లగా, సగం వరకు మాత్రం నొక్కి ఆపండి. గమకం జార్చేది అక్కడే కాబట్టి ఎక్కడా గరుకు తగలకూడదు. మౌత్‌పీస్ గొట్టం మీద ఎర్రటి చుక్కలుంటే ఇత్తడిలోని జింకు కరిగిపోయిందన్నమాట, ఆ భాగం మార్పించాలి. బారిటోన్‌కు సన్నని కాడ ఉన్న మౌత్‌పీస్ పడుతుంది. యుఫోనియం మౌత్‌పీస్ లావు కాడది, ఇందులో దూరదు. మీ కొమ్ముకు మామూలుగా బజారులో దొరికే మౌత్‌పీస్ ఊగకుండా కూర్చుంటుందో లేదో అక్కడే పెట్టి చూడండి.

తర్వాత ఫోన్‌లో తంబురా ఆరున్నరకు పెట్టి మాయామాళవగౌళ రెండు స్థాయిల్లోనూ వాయించండి. పెద్ద స్లైడు ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికి ఉన్నప్పుడు షడ్జమం కలవాలి. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కినప్పుడల్లా శ్రుతి కొద్దికొద్దిగా హెచ్చుతుంది. ఏసీ గదిలోనే స్లైడు చివరికంటా లాగాల్సి వచ్చిందంటే మే నెల పెళ్లి ఊరేగింపులో లాగడానికి ఇంకేమీ మిగలదు. ఎంత లాగినా శ్రుతి దిగకపోతే అది ఇంగ్లండులో చేసిన పాత కొమ్మేమో చూసుకోండి. 1960ల వరకు అక్కడి బ్యాండు వాయిద్యాలను, పాశ్చాత్యుల A స్వరం 440 హెర్ట్జ్ దగ్గర కాక 452 దగ్గర పలికేలా చేసేవారు. అలాంటిది ఇంటి గోడకు అందం, కీబోర్డు పక్కన వాయించడానికి మాత్రం పనికిరాదు.

కొన్నాక ఒక జాగ్రత్త. అనంతపురం వైపు బోరు నీళ్లు ఉప్పగా, సున్నంగా ఉంటాయి. వాటితో కడిగి వదిలేస్తే పొలుసు పేరుకుని పిస్టన్లు పట్టేస్తాయి. ఫిల్టరు నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, వాల్వు నూనె రెండు చుక్కలు వేసి పెట్టండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికాలం పొద్దున్నే గడ్డకట్టి పిస్టన్ కదలదు.